38 గంటలు, మొగిలి ఘాటు

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. గేటు ముందు తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచి మామ తోలే లారీ ఆ వరసలోనే ఉంది. మేనల్లుడు క్యారియర్ తెచ్చాడు. అతనికి 21 ఏళ్లు, కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. హెవీ లైసెన్సు కోసం డ్రైవింగ్ స్కూల్లో చేరతానంటాడు. ముందు రెండేళ్లు క్లీనర్‌గా నా బండెక్కు అంటాడు మామ. నాది అల్లుడి పక్షం. అయినా మామ మాట కత్తిరించలేదు.

మామ: ఎన్నాళ్లంట ఆ చదువు?

అల్లుడు: గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రమైతే హెవీకి 6 వారాలు మామా, మొత్తం 38 గంటలు. 2021లో కేంద్రం పెట్టిన రూలు. అక్కడ పాసైతే ఆర్టీఓ ఆఫీసులో మళ్లీ టెస్టు అక్కర్లేదు.

మామ: 38 గంటలా! టమోటా లోడుతో నాగపూర్ పోయొచ్చినంత సేపు కూడా లేదే.

అల్లుడు: మరి ఫారం 5, అదే స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే హెవీ లైసెన్సే రాదు కదా.

మామ: ఆ కాగితం ఎట్లా వస్తుందో నాకు చెప్పొద్దు. స్కూలు మొహం చూడకుండానే దాన్ని తెచ్చుకున్నోళ్లు ఈ వరసలోనే ఉన్నారు.

(దీనికి అల్లుడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

అల్లుడు: వాళ్లు కొనుక్కున్నారని నేను నేర్చుకోకూడదా?

మామ: నేర్చుకో, ఎవరొద్దన్నారు? కానీ వాళ్లిచ్చేది ఖాళీ లారీ. ఖాళీ బండి ఎవడైనా తోల్తాడు. పలమనేరు నుంచి ఇటు దిగేటప్పుడు మొగిలి ఘాటు ఉంది చూడు, అక్కడ వెనకున్న లోడు నిన్ను తోస్తా ఉంటుంది. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగినావనుకో, డ్రమ్ములు కాలి కమురు వాసనొస్తుంది. ఆ వాసనొచ్చినాక నువ్వెంత తొక్కినా బండి నీ మాట వినదు. ఊరికే బ్రేకు కొట్టికొట్టి వదిలితే, బ్రేకుకి ఎంత గాలుందో చూపించే ఎయిర్ మీటరు ముల్లు కిందికి దిగిపోతుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాల. అదీ ఘాటు మొదలు కాకముందే వేసుకోవాల, సగం దిగినాక వెయ్యబోతే పడదు. ఇంక టైర్లు. రాడ్డుతో కొట్టి చూడు, గాలి ఉన్నది ఠంగుమంటుంది, లేనిది దబ్బుమంటుంది. జోడు టైర్లలో లోపలిది దిగిపోతే పైకి కనపడదు, చెవికే తెలియాల. పట్ట కప్పడం, తాడు బిగించడం, వానలో ముడి జారకుండా చూడటం, ఇవన్నీ బోర్డు మీద రాసి చెప్తారా? మూడేళ్లు క్లీనర్‌గా తిరిగినాకే మా గురువు స్టీరింగు ముట్టుకోనిచ్చినాడు.

అల్లుడు: ఘాట్లో న్యూట్రల్ వేసి దిగమని చెప్పింది కూడా ఆయనేనా?

మామ: ఎవరు చెప్పినారు నీకు?

అల్లుడు: అమ్మ.

మామ: ఆయన్నేమీ అనొద్దు. నేను తినే అన్నం ఆయన పెట్టిందే.

అల్లుడు: ఆయన్ననడం లేదు మామా. డీజిల్ మిగులుతుందని ఆయనకి వాళ్ల గురువు చెప్పుంటాడు. అట్లా చేతులు మారి నీ దాకా వచ్చింది. నీ బండి బీఎస్ 6, పొగ తగ్గించే కొత్త రకం ఇంజను. గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజన్‌కి డీజిల్ పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ నడవాలి కాబట్టి తాగుతూనే ఉంటుంది. మిగిలేది లేదు, పైగా బండిని పట్టి ఉంచేది కూడా లేదు. నీ పక్కన రెండేళ్లు కూర్చుంటే ఘాటు నేర్చుకుంటాను, దాంతోపాటు ఆ న్యూట్రల్ కూడా నేర్చుకుంటాను.

మామ: బీఎస్ 6 పెద్ద గొప్ప! దానికి డీజిల్ చాలదని, పొగ శుభ్రం చెయ్యను వేరే ట్యాంకులో యూరియా నీళ్లు కూడా పోయాల.

అల్లుడు: పోయినేడాది ఆ యూరియాని డీజిల్ ట్యాంకులో పోసింది నీ క్లీనరే కదా.

మామ: వాడు నిద్రమత్తులో ఉన్నాడు. నిద్రంటే గుర్తొచ్చింది, ఇప్పుడు లారీలకి ఏసీ అంట! చల్లగాలి తగిలితే డ్రైవరు నిద్రపోడా?

అల్లుడు: 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ ఉండాల్సిందే. నిద్ర చల్లగాలికి కాదు, రాత్రంతా తోలినందుకు వస్తుంది.

మామ: నువ్వు తోలినావా రాత్రంతా?

అల్లుడు: లేదు. మేలో నీ క్యాబిన్లో కూర్చున్నా, ఇంజన్ వేడికి కాళ్లు మాడినాయి. ఏసీ మాట వదిలెయ్. నాకు లైసెన్సు లేకుండా స్టీరింగిస్తే, పట్టుబడితే నాకు 5,000, బండిచ్చిన ఓనరుకి 5,000. అది పోతే పోయింది. ఎవరినైనా గుద్దితే? ఇన్సూరెన్సు కంపెనీ ముందు కట్టినా ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు తీర్పులిస్తున్నాయి. ఆయన నిన్ను వదుల్తాడా?

మామ: (చెయ్యి కడుక్కుంటూ) సరే, లైసెన్సు తెచ్చుకున్నావు. ఓనరు మొదట అడిగేది ఎన్నేళ్ల నుంచి తోల్తున్నావనే. ఏం చెప్తావు, 38 గంటలనా?

అల్లుడు: అప్పుడు నీ బండే ఎక్కుతా. ఖాళీ బండి నువ్వు నాకివ్వు, లోడు బండి నువ్వు తోలు, నేను చూస్తా.

మామ: జేబులో హెవీ లైసెన్సు పెట్టుకున్నోడు లారీ పైకెక్కి పట్ట కడతాడా?

అల్లుడు: కడతా.

మామ: అందరూ అట్లే అంటారు.

(ముందున్న ట్రాక్టరు కదిలింది. మామ తాళాలు అల్లుడి ఒళ్లోకి విసిరాడు.)

మామ: నాలుగు గజాలు ముందుకు తియ్. ఇక్కడెవరూ చూడరు.

అల్లుడు: ఎల్ఎల్ఆర్ వచ్చినాక. నువ్వే తియ్.

(మామ గొణుక్కుంటూ ఎక్కి స్టార్ట్ చేశాడు. కిటికీలోంచి తల బయట పెట్టాడు.)

మామ: ఒరే, చక్రం కింద రాయి తీసినావా?

(తియ్యలేదు. అల్లుడు క్యారియర్ కింద పెట్టి వెనక్కి పరిగెత్తాడు.)