ఇన్వర్టర్, కెపాసిటర్ ఉంటే చాలదు: కారు కంప్యూటర్, ఆడియోపై ఒక ప్రచారానికి ఖండన

కారులో కంప్యూటర్‌ను, దానికి తోడు సొంతంగా కూర్చుకున్న ఆడియోను అమర్చుకోవాలనుకునేవారి మధ్య ఒక సందేశం విస్తృతంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది. ఇంట్లో వాడే చిన్న కంప్యూటర్‌ను ఇన్వర్టర్‌కు తగిలిస్తే కారులోనూ పనిచేస్తుంది. బండి ఆపినప్పుడు దాన్ని స్లీప్‌లో ఉంచితే బ్యాటరీకి ఏమీ కాదు. రెండు వేల వాట్ల యాంప్లిఫయర్ కొనుక్కుని, బాస్ మోగినప్పుడు హెడ్‌లైట్లు మసకబారితే ఒక ఫారడ్ సామర్థ్యమున్న కెపాసిటర్ (కరెంటును కొంచెం నిల్వచేసుకుని అవసరమైన క్షణంలో వదిలే భాగం) పెట్టుకుంటే సరిపోతుంది. యాంప్లిఫయర్‌కు దాని ఫ్యూజు దానికి ఉంటుంది కనుక వైరుకు వేరే ఫ్యూజు అక్కర్లేదు, ఎర్త్ వైరును దగ్గర్లో కనిపించిన ఏ బోల్టుకైనా బిగించవచ్చు. స్పీకర్లలో కీచుమనే శబ్దం వస్తే యాంప్లిఫయర్ నాసిరకమని అర్థం. మంచి ధ్వని కావాలంటే హై రిజల్యూషన్ పాటలు వేసుకోవాలి.

ఇందులో కొన్ని సలహాలు డబ్బు వృథా చేయిస్తాయి, కొన్ని బ్యాటరీని పాడుచేస్తాయి, ఒకటి మాత్రం బండినే తగలబెట్టగలదు. అన్నింటి అడుగునా ఉన్న పొరపాటు ఒక్కటే: కారులోని కరెంటు గోడకున్న ప్లగ్గులోని కరెంటులాగే నిలకడగా, ఎంత వాడినా తరగకుండా ఉంటుందని అనుకోవడం.

మొదట ఇన్వర్టర్ సంగతి. కారులో 12 వోల్టులు ఉంటాయని అలవాటుగా అంటాం కానీ, ఆ అంకె కచ్చితంగా నిజమయ్యే సందర్భాలు తక్కువ. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండుగా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది; ఇంజను నడుస్తున్నప్పుడు, దానితోపాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దాన్ని సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య నిలుపుతుంది. సెల్ఫ్ మోటారు తిరిగే ఆ కొద్ది క్షణాల్లో అది 9, 10 వోల్టులకు, బ్యాటరీ పాతదైతేనో వాతావరణం బాగా చల్లగా ఉంటేనో ఇంకా కిందికి పడిపోతుంది. మామూలు ఇన్వర్టర్లు 10 వోల్టుల ప్రాంతానికి రాగానే తమంతట తామే ఆగిపోయేలా తయారవుతాయి. కాబట్టి కంప్యూటర్ నడుస్తుండగా బండి స్టార్ట్ చేస్తే అది ఏదో రాసుకుంటున్న మధ్యలోనే ఆరిపోయే ప్రమాదం ప్రతిసారీ ఉంటుంది. ఇక పైవైపు కూడా హద్దు లేదు. ఆల్టర్నేటర్ గట్టిగా ఛార్జ్ చేస్తున్న సమయంలో బ్యాటరీ టెర్మినల్ వదులై ఊడిందంటే, రక్షణ ఉన్న వ్యవస్థలో కూడా వోల్టేజీ 35 దాకా, రక్షణ లేనిదాంట్లో వంద దాకా, సెకనులో కొంత భాగంపాటు ఎగబాకగలదు.

దీనికి తోడు, ఇన్వర్టర్ డీసీని ఏసీగా మారుస్తుంది, కంప్యూటర్ పవర్ సప్లయి ఆ ఏసీని తిరిగి డీసీగా మారుస్తుంది. ఒక్కో మార్పిడిలో పది, పదిహేను శాతం వేడిగా పోతే, బ్యాటరీ నుంచి తీసుకున్న వంద వాట్లలో దాదాపు పాతిక వాట్లు కంప్యూటర్‌కు చేరనే చేరవు. ఈ పనికోసమే తయారైన డీసీ టు డీసీ పవర్ సప్లయిలు ఉన్నాయి. ఉదాహరణకు ఎం4 ఏటీఎక్స్ అనేది 6 నుంచి 30 వోల్టుల వరకు ఏది ఇచ్చినా లోపల కంప్యూటర్‌కు కావలసిన వోల్టేజీలను స్థిరంగా అందిస్తుంది. దాని అసలు విలువ మరో సన్నని వైరులో ఉంది. ఇగ్నిషన్ నుంచి వచ్చే ఆ వైరు ద్వారా తాళం తిప్పిన సంగతి తెలుసుకుని అది కంప్యూటర్‌ను ఆన్ చేస్తుంది. తాళం తీసేయగానే షట్‌డౌన్ చేయమని చెప్పి, నిర్ణీత సమయం ఆగి, ఆ తర్వాత కరెంటును పూర్తిగా తెంచేస్తుంది. ఇన్వర్టర్‌కు ఈ తెలివి లేదు.

స్లీప్ గురించి చెప్పిన మాట పైపైన చూస్తే నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే స్లీప్‌లో కంప్యూటర్ తీసుకునేది రెండు మూడు వాట్లే. లెక్క వేసి చూద్దాం. 12 వోల్టుల దగ్గర మూడు వాట్లంటే 0.25 ఆంపియర్; ఒక రోజుకు 6 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే నాలుగు రోజులు బండి తీయకపోతే సగానికి పైగా ఖాళీ అవుతుంది. ఆ తర్వాత సెల్ఫ్ తిరుగుతుందో లేదో బ్యాటరీ వయసును బట్టి ఉంటుంది. తిరిగినా కూడా, ఇంత లోతుగా పదేపదే ఖాళీ కావడానికి స్టార్టింగ్ బ్యాటరీలు తయారైనవి కావు, వాటి ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. పోలికకు చెప్పాలంటే, ఆపి ఉంచిన కారు తన గడియారానికీ అలారంకూ కలిపి సాధారణంగా తీసుకునేది 0.05 ఆంపియర్ లోపే. పైగా ఇన్వర్టర్‌ను ఆన్‌లో వదిలేస్తే అది ఏ పనీ చేయకపోయినా తనకంటూ కొంత కరెంటు లాగుతుంది, ఆ లెక్క వేరు. హైబర్నేట్ చేస్తే ఈ బాధ ఉండదు. కంప్యూటర్ తన స్థితిని డిస్కులో రాసుకుని పూర్తిగా ఆరిపోతుంది, ఎస్ఎస్‌డీ ఉంటే కొద్ది సెకన్లలోనే తిరిగి లేస్తుంది. గతుకుల్లో తిరిగే బండికి, ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండిలోని వేడికి పళ్లేలు తిరిగే హార్డ్‌డిస్కు కంటే ఎస్ఎస్‌డీ ఎలాగూ మేలు.

రెండు వేల వాట్ల యాంప్లిఫయర్ విషయానికి వస్తే, డబ్బా మీది అంకెను వదిలేసి యాంప్లిఫయర్‌ను తిప్పి వైర్లు బిగించే వైపు చూడండి. అక్కడ గుచ్చి ఉన్న ఫ్యూజుల మీది అంకెలను కలపండి. 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉందనుకుందాం. ఇంజను నడుస్తూ 14.4 వోల్టులు అందినా, 14.4ను 30తో గుణిస్తే వచ్చేది 432 వాట్లు. అది లోపలికి వెళ్లేది మాత్రమే. యాంప్లిఫయర్ క్లాస్ ఏబీ అనే పాత రకమైతే ఇందులో సగం లేదా అంతకు కాస్త ఎక్కువ, క్లాస్ డీ రకమైతే సుమారు ఎనభై శాతం స్పీకర్లకు చేరుతుంది. లోపలికి 432 వెళ్లి బయటికి నిలకడగా 2000 రావడం ప్రకృతిలో జరగదు. నిజాయతీగా కొలిచే పద్ధతి లేక కాదు. 2003లో వచ్చిన సీఈఏ 2006 అనే ప్రమాణం (2006 దాని సంఖ్య, సంవత్సరం కాదు) 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల లోడుతో, ఒక శాతానికి మించని వక్రీకరణతో యాంప్లిఫయర్ ఎన్ని ఆర్ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఎన్ని వాట్లు, ఇస్తుందో చెప్పమంటుంది. ఆ అంకె ఉన్న యాంప్లిఫయర్ నూరు వాట్లే చూపినా దాన్ని నమ్మవచ్చు.

లైట్లు మసకబారితే కెపాసిటర్ పెట్టమనే సలహా ఈ సందేశం కంటే చాలా పాతది, అందుకే జనం దాన్ని ప్రశ్నించడం మానేశారు. ఒక ఫారడ్ కెపాసిటర్‌ను 14.4 వోల్టుల దాకా నింపితే అందులో నిలిచే శక్తి దాదాపు 104 జౌళ్లు (సెకనుకు ఒక జౌలు ఖర్చయితే అది ఒక వాటు). వోల్టేజీ 12కు పడేలోపు అది ఇవ్వగలిగేది ఇందులో 32 జౌళ్లే. యాంప్లిఫయర్ వెయ్యి వాట్లు లాగుతున్నప్పుడు ఆ 32 జౌళ్లు సెకనులో నూరింట మూడు వంతుల సేపు వస్తాయి. బాస్ గిటారు స్వరం ఒక్కటి కూడా అంతకంటే చాలా ఎక్కువసేపు మోగుతుంది. ఆ తర్వాత ఖాళీ అయిన కెపాసిటర్‌ను నింపాల్సింది కూడా అప్పటికే చాలక ఆయాసపడుతున్న ఆల్టర్నేటరే. లైట్లు మసకబారడమంటే మనం అడుగుతున్నంత కరెంటు ఆల్టర్నేటర్ దగ్గర లేదని అర్థం. ఆల్టర్నేటర్ మీద రాసి ఉండే ఆంపియర్లు కూడా ఇంజను వేగంగా తిరిగినప్పటివి. సిగ్నల్ దగ్గర ఐడిలింగ్‌లో అది ఇచ్చేది చాలా తక్కువ. అందువల్ల చేయాల్సినవి వేరు. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్లే వైర్లను మందపరచాలి. అప్పటికీ చాలకపోతే పెద్ద ఆల్టర్నేటర్ వేయించాలి, లేదా యాంప్లిఫయర్ స్థాయి తగ్గించుకోవాలి. రెండో బ్యాటరీ ఇంజను ఆపి పాటలు వినేవారికి పనికొస్తుంది, నడుస్తున్న బండిలో అది కూడా ఆల్టర్నేటర్ మీద పడే మరో బరువే.

ఇప్పటిదాకా చెప్పినవి పొరపాట్లు. "వైరుకు వేరే ఫ్యూజు అక్కర్లేదు" అన్నది ప్రమాదం, దాన్ని ముందుకు పంపిన ప్రతి ఒక్కరూ వెనక్కి తీసుకోవాలని నా విన్నపం. బానెట్ కింది బ్యాటరీ నుంచి బయలుదేరిన లావు వైరు ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడను దాటి, కార్పెట్ కింద నుంచి డిక్కీలోని యాంప్లిఫయర్‌ను చేరుతుంది. దాదాపు ఐదు మీటర్ల దారి. ఆ ఇనుప గోడ రంధ్రం అంచు పదునుగా ఉంటుంది, బండి అదురుతూనే ఉంటుంది. అంచును కప్పే రబ్బరు వలయం, అంటే గ్రామెట్, పెట్టకుండా వైరును లాగితే అంచు రోజూ కొంచెం కొంచెంగా పై తొడుగును కోస్తుంది. ఒకరోజు లోపలి రాగి బాడీకి తగులుతుంది. ఆ క్షణంలో కరెంటు యాంప్లిఫయర్ దాకా వెళ్లనే వెళ్లదు. బ్యాటరీ నుంచి బయలుదేరి ఆ రంధ్రం దగ్గరే బాడీలోకి దిగిపోతుంది. కాబట్టి యాంప్లిఫయర్‌లోని ఫ్యూజుకు అసలు ఏం జరిగిందో తెలియదు. మామూలు కారు బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లను సునాయాసంగా వదులుతుంది. వైరు ఎర్రగా కాలుతుంది, దాని తొడుగు కరుగుతుంది, దాని మీద కప్పి ఉన్నది కార్పెట్. తాళం తీసేసినా అది ఆగదు, ఎందుకంటే ఈ వైరు ఇగ్నిషన్ మీదుగా వెళ్లేది కాదు.

అందుకే ప్రధాన ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు 45 సెంటీమీటర్ల లోపే ఉండాలన్నది ఈ పని తెలిసినవారి నియమం. ఆ ఫ్యూజు కాపాడేది యాంప్లిఫయర్‌ను కాదు, వైరును; అందువల్ల దాని స్థాయి వైరు తట్టుకోగలిగిన కరెంటుకు మించకూడదు. ఫ్యూజు పోతోందని పెద్దది వేయడం, దాని స్థానంలో రాగి తీగ చుట్టడం రెండూ ఫ్యూజు లేకపోవడంతో సమానం. వైరు మందం కూడా కంటికి చూసి నిర్ణయించేది కాదు. 21 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి వైరులో ఐదు మీటర్ల దూరానికి వంద ఆంపియర్లు పంపితే దారిలో పోయేది 0.4 వోల్టు, 8 చదరపు మిల్లీమీటర్లదైతే ఒక వోల్టు దాకా పోతుంది. చవగ్గా దొరికే రాగిపూత అల్యూమినియం వైర్లు అదే మందంలో దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ నిరోధం చూపుతాయి.

ఎర్త్ వైరుకు కూడా ఇంతే శ్రద్ధ కావాలి, ఎందుకంటే పాజిటివ్ వైరులో వెళ్లిన కరెంటంతా దీని గుండానే వెనక్కి రావాలి. సీటు బెల్టు బోల్టు బలంగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దానికే బిగిస్తారు. అది ప్రాణాలను పట్టి ఉంచే బోల్టు, దాని బిగింపును మార్చే హక్కు పాటల కోసం ఎవరికీ లేదు. పైగా దాని చుట్టూ రంగు, మరల్లో జిగురు ఉండి కరెంటు సరిగా పారదు. బాడీలో మందమైన లోహం ఉన్న చోట రంగును మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, అడుగున పెట్రోలు ట్యాంకు గానీ గొట్టాలు గానీ లేవని చూసుకుని, పొట్టి వైరుతో బిగించి, తుప్పు పట్టకుండా పైపూత వేయాలి. పని బాగా కుదిరిందో లేదో మల్టీమీటర్ చెబుతుంది: పాటలు గట్టిగా మోగుతుండగా ఒక కొసను యాంప్లిఫయర్ ఎర్త్ టెర్మినల్ మీద, రెండో కొసను బ్యాటరీ నెగటివ్ మీద ఉంచితే వోల్టులో పదోవంతుకు అటూ ఇటూగా కనిపించాలి. అర వోల్టు చూపితే ఎక్కడో రంగు మిగిలి ఉంది, లేదా వైరు సన్నం.

కీచుమనే శబ్దానికీ మూలం తరచుగా ఇక్కడే ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పైకి పోయి, వదిలితే కిందికి దిగే ఆ శబ్దం ఆల్టర్నేటర్‌ది. కంప్యూటర్ ఒక చోట, యాంప్లిఫయర్ మరో చోట ఎర్త్ అయి, ఆ రెండు చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటే, దానివల్ల కరెంటు, కంప్యూటర్ నుంచి యాంప్లిఫయర్‌కు పాటను చేరవేసే ఆర్‌సీఏ కేబుల్ లోహపు తొడుగు గుండా పారి పాటలో కలుస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. యాంప్లిఫయర్‌ను తిట్టుకునే ముందు దాన్ని ఆపి ఆర్‌సీఏ కేబుళ్లను పీకి మళ్లీ ఆన్ చేయండి. శబ్దం పోతే యాంప్లిఫయర్ నిర్దోషి. కంప్యూటర్‌ను, యాంప్లిఫయర్‌ను ఒకే చోట ఎర్త్ చేసి చూడాలి, లేదా కాంతి రూపంలో పంపే ఆప్టికల్ కేబుల్‌తో ధ్వనిని పంపాలి, అందులో లోహమే ఉండదు కనుక లూప్ ఏర్పడదు. ఆర్‌సీఏ కేబుల్ మధ్యలో పెట్టి ఆ లూప్‌ను తెంచే చిన్న ఐసొలేటర్ డబ్బాలు కూడా పనిచేస్తాయి కానీ, నాసిరకమైనవి లోతైన బాస్‌ను మింగేస్తాయి.

చివరిది హై రిజల్యూషన్ పాటల మాట. సీడీలోని 16 బిట్ ధ్వనికి దాదాపు 96 డెసిబెళ్ల విస్తృతి ఉంది. టైర్ల హోరు, గాలి హోరు నిండిన క్యాబిన్‌లో అందులోని మెల్లని భాగాలే వినబడవు, హై రిజల్యూషన్ పాటల 24 బిట్లలో అదనంగా ఉన్నది వినబడే ప్రశ్నే లేదు. కారులో ధ్వనిని నిజంగా పాడుచేసేవి వేరు. తలుపులోని రంధ్రాలను మూయకపోతే స్పీకర్ వెనకవైపు గాలి ముందువైపు గాలిని రద్దుచేసి బాస్‌ను తినేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, డ్రైవరు ఒక స్పీకర్‌కు దగ్గరగా, మరోదానికి దూరంగా కూర్చుంటాడు. ఆ తేడా 50 సెంటీమీటర్లయితే, సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణించే ధ్వని దగ్గరి స్పీకర్ నుంచి ఒకటిన్నర మిల్లీసెకను ముందే చేరుతుంది. చెవి ఆ తేడాను పట్టేస్తుంది, గాయకుడు పక్క తలుపులో కూర్చుని పాడుతున్నట్టు వినిపిస్తుంది. కారులో కంప్యూటర్ పెట్టినందుకు దక్కే గొప్ప లాభం ఇక్కడే ఉంది, ఆ సందేశంలో దీని ఊసే లేదు. దగ్గరి స్పీకర్‌ను ఆ ఒకటిన్నర మిల్లీసెకను ఆలస్యం చేయించి, డ్రైవరు తల ఉండే చోట మైకు పెట్టి కొలిచి, ఏ పౌనఃపున్యం ఉబ్బిందో దాన్ని తగ్గిస్తే, అదే స్పీకర్లతో, అదే మామూలు పాటతో గొంతు డ్యాష్‌బోర్డు నడుమకు వస్తుంది. డ్రైవరుకు కుదిరిన ఆ ఆలస్యం పక్క సీటులోని వారికి ధ్వనిని ఇంకా వంకరగా వినిపిస్తుంది కాబట్టి, ఇద్దరికీ మధ్యస్థంగా ఉండే అమరికను కూడా కంప్యూటర్‌లో విడిగా దాచుకుని, బండిలో ఎవరున్నారో చూసుకుని మార్చుకోవచ్చు.