ఇంటిదొంగపై ఒక ఫిర్యాదు

రాత్రి రెండు పుల్కాలు, నూనె వాసనైనా తగలని సొరకాయ కూర తిని, పెరుగన్నాన్ని కళ్లతోనే పలకరించి పడుకున్న మనిషికి తెల్లవారి పరగడుపున చక్కెర 148 చూపించడం సామాన్యమైన అన్యాయం కాదు. ఇంట్లోవాళ్లు నన్నే అనుమానించి డబ్బా మూత తీసి సున్నుండలు లెక్కపెట్టారు. లెక్క సరిపోయింది. కనుక దొంగ బయటివాడు కాడని, నా కుడి పక్కటెముకల కింద పెద్దమనిషిలా కూర్చుని, రాత్రంతా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదిలే కాలేయమేనని ఇందుమూలంగా ఆరోపిస్తున్నాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ప్రయోగశాలలో పట్టారు. ఎలుక కాలేయంలోకి, కణాలను అతికించి ఉంచే కొల్లాజెన్‌ను కరిగించే కొల్లాజినేజ్ అనే ఎంజైమును పారించి కణాలను విడదీసి, కొల్లాజెన్ పూసిన పళ్లేల్లో 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే ప్రతి కణమూ ఒక సాక్షి అవుతుంది. అక్కడ మెదడు ఒత్తిడి, పేగుల సిఫార్సు, క్లోమం మొహమాటం ఏవీ ఉండవు.

ఆ సాక్షులు చెప్పేదేమిటంటే, చక్కెర వదలమని కాలేయానికి చెప్పే హార్మోన్ గ్లూకగాన్ తగలగానే, కణంలో ఆ కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరిగి, కొత్త చక్కెర తయారీకి కీలకమైన ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ కార్బాక్సికైనేజ్ (ఈ పేరు ఒక్క గుక్కలో పలికినవారికి చక్కెర దానంతటదే తగ్గాలి) జన్యువు గంటల్లోనే పనికి దిగుతుంది. ఇన్సులిన్ పోస్తే, గ్లూకగాన్ పక్కనే ఉన్నా సరే, ఆ జన్యువు నోరు మూసుకుంటుంది. నా ఒంట్లో ఇన్సులిన్ కేకలు వేస్తూనే ఉంది, కాలేయానికే చెవుడు.

చక్కెరను వాడే ఎంజైముల తీరు ఇంకా విచిత్రం. వచ్చిన గ్లూకోజుకు ఫాస్ఫేటు తగిలించి కణంలో కట్టేసే గ్లూకోకైనేజ్, పళ్లెంలో చక్కెర ఎంత పోసినా ఇన్సులిన్ చెప్పందే తయారు కాదు. ఆ గ్లూకోజును విరిచే దారిలో చివరి ఎంజైము, కాలేయపు పైరువేట్ కైనేజ్ అయితే మరీ బిగదీసుకునే రకం: ఇన్సులిన్ ఒక్కటే వచ్చినా, చక్కెర ఒక్కటే వచ్చినా కదలదు, ఇద్దరూ కలిసి వెళ్లి పిలవాలి. అయితే శాస్త్రవేత్తలు గ్లూకోకైనేజ్‌ను దొడ్డిదారిన కణంలోకి దూర్చి చూసినప్పుడు, ఇన్సులిన్ లేకుండానే చక్కెర పిలుపు ఈ పైరువేట్ కైనేజ్‌కు చాలింది. అంటే అసలు పిలుపు చక్కెరదే. ఇన్సులిన్ గుమ్మం తలుపు తీసిందంతే. లోపల ఆ పిలుపు అందుకునే ప్రోటీన్, సీహెచ్‌ఆర్‌ఈబీపీ, 2001లో బయటపడింది.

నన్ను నిజంగా బాధించింది సాక్షుల భోజనం. కణాలు పెంచే ద్రావణాల్లో ఒక రకానికి లీటరుకు 4.5 గ్రాముల చక్కెర కలుపుతారు, అంటే మన రిపోర్టుల లెక్కలో 450. ఆ అంకె నాకు వస్తే డాక్టరుగారు ఇంటికి పంపరు. పళ్లెంలోని కణాలకు మాత్రం అది నిత్య నైవేద్యం, పథ్యం ఊసే లేదు.

నిందితుణ్ని ఇల్లు ఖాళీ చేయించే వీలు లేదు కనుక, డాక్టరుగారు కాలేయం చక్కెర తయారీని తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్రను రెండు పూటలా కాపలా పెట్టారు. సున్నుండల డబ్బా దగ్గర కాపలాను మాత్రం ఇంట్లోవాళ్లు ఇంకా ఎత్తివేయలేదు.