ఫైల్లో ఉండే అమ్మగారికి

మహారాజశ్రీ చట్టబద్ధ వ్యక్తి గారికి,

మా అమ్మ పేరుతో, మా అమ్మ పుట్టినతేదీతో ఫైల్లో కాపురముంటూ, చట్టం లెక్కలో మనిషిగా చలామణి అవుతున్న తమరికి ఆవిడ కొడుకు నమస్కరించి రాయునది. మీరు అక్కడ క్షేమమే. మా సంగతే బాలేదు.

నిన్న మధ్యాహ్నమంతా, పింఛను ఆగకుండా బతికున్నట్టు రుజువు చూపించే లైఫ్ సర్టిఫికెట్ కౌంటర్ దగ్గరే గడిచింది. అమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. కొంగుతో తుడిచి పెట్టింది. ఎర్ర లైటు. "వేలు తలకి రుద్దండి పెద్దమ్మా, కాస్త జిడ్డు అంటుద్ది" అన్నాడు కుర్రాడు. రుద్దింది. మళ్లీ ఎర్రదే. పదకొండోసారికి వాడు స్క్రీన్ వంకే చూస్తూ "మీరు బతికున్నట్టు రావట్లేదండీ" అన్నాడు.

"మరి నువ్వు మాట్లాడేది ఎవరితో బాబూ?" అంది అమ్మ.

నలభై ఏళ్లు బూడిదతో అంట్లు తోమిన వేలండీ అది. గీతలెక్కణ్ణుంచి వస్తాయి? తమరి వేలి గీతలు మాత్రం తీసిననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తమరు అంట్లు తోమరు కదా.

మనిషిని వట్టి పనిముట్టుగా చూడకూడదు, మనిషే గమ్యం అన్నాడు జర్మన్ తత్వవేత్త కాంట్. ఆ ముక్క బట్టీపట్టే డిగ్రీ గట్టెక్కాను. చట్టం లెక్కలో వ్యక్తంటే రక్తమాంసాలు కాదు, హక్కులూ బాధ్యతలూ కట్టిన మూట అన్నాడు న్యాయశాస్త్రవేత్త కెల్సన్. అది అప్పట్లో బుర్రకెక్కలేదు. నిన్న ఎక్కింది. మూట మీరు, మోసేది అమ్మ. మీ లాటిన్ పేరు పెర్సోనాకి అర్థం నాటకాల్లో పెట్టుకునే మాస్కు. మాస్కు పట్టకపోతే ముఖం చెక్కించుకు రమ్మంటే ఎలాగండీ?

మీ బంధువర్గానికి ఈ బాధ లేదు. దేవుడి విగ్రహం చట్టబద్ధ వ్యక్తేనని 1925లోనే, బ్రిటిష్ కాలంలో మన పైకోర్టయిన ప్రివీ కౌన్సిల్ తేల్చింది, వేలిముద్ర అడగలేదు. కంపెనీకి అసలు వేలే లేదు. గంగా యమునలనూ 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు మీలో కలిపింది. సుప్రీంకోర్టు ఆ ఏడాదే స్టే ఇచ్చిందనుకోండి. మనిషి ఏడేళ్లు అయినవాళ్లకి కబురు లేకుండా పోతే గానీ పోయినట్టు అనుకోవద్దంటుంది సాక్ష్య చట్టం. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషిని పోయినట్టు అనుకోడానికి మాత్రం ఏడు నిమిషాలు చాలాయి.

యూపీలోని ఆజంగఢ్ లాల్ బిహారీ బతికుండగానే రెవెన్యూ రికార్డుల్లో చచ్చి, పేరు చివర 'మృతక్' (చచ్చినవాడు) అని తగిలించుకుని పోరాడి, 1994లో గానీ బతకలేదు. ఆ కథ అమ్మకి చెప్పలేదు.

ఇంక మర్యాద నావల్ల కాదు. పింఛను నీ పేరున పడుతుంది, బీపీ మాత్ర మింగేది మా అమ్మ. నీకు ఆకలి లేదు, మోకాళ్ల నొప్పి లేదు, ఆటోకి నూటయాభై ఇచ్చే పనీ లేదు. నువ్వుండేదే ఆవిడ కోసం. ఆవిడొచ్చి నీలా ఉన్నానని రుజువు చేసుకోవాలా?

రేపు ఫోన్లో ముఖం చూపిద్దామన్నాడు కుర్రాడు. కళ్లు ఆర్పితే బతికున్నట్టట. అమ్మ ఇందాకట్నుంచి అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తోంది.

ఇట్లు,
ఆవిడ కొడుకు
(నా వేలు ఇంకా పడుతోంది)