హంతకుడు ముందే తెలిసిన నవలలు

‘ఎవరు చంపారు?’ అన్న ప్రశ్న లేకుండా నేర నవల నిలబడుతుందా? ఈమధ్య వరసగా చదివిన కొన్ని పుస్తకాల తరవాత, నిలబడుతుందనే గట్టిగా చెబుతాను. ఇంకో మాట కూడా అంటాను. ఒడిశాలో గంజాం, గజపతి, కోరాపుట్ వైపు ఉన్న తెలుగువాళ్ళం క్రైమ్ కథల కోసం మద్రాసు నుంచి టోక్యో దాకా వెతుక్కుంటాం. మనం ఉంటున్న రాష్ట్రంలోనే రాసిన రెండు గొప్ప నేర నవలలను మాత్రం ‘ఒడియా సాహిత్యం’ అనేసి అటకెక్కించాం.

ముందు టోక్యో సంగతి. కీగో హిగషినో రాసిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ జపాన్‌లో 2005లో వచ్చింది, ఇంగ్లిష్‌లోకి 2011లో. హత్య మొదట్లోనే మన కళ్ళ ముందు జరిగిపోతుంది. లంచ్ బాక్సుల దుకాణంలో పనిచేసే యసుకో, వేధించడానికి ఇంటికొచ్చిన మాజీ భర్తను కూతురితో కలిసి చంపేస్తుంది. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి ఆ నేరాన్ని దాచే బాధ్యత తన మీద వేసుకుంటాడు. చంపిందెవరో తెలుసు, ఎందుకో తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టలేం. పోలీసులు ఒక్కో ప్రశ్న వేస్తుంటే టెన్షన్ మనకే. ముగింపు ఇక్కడ చెప్పను. చాలామంది దీన్ని ప్రేమ కోసం చేసిన త్యాగం కథగా మెచ్చుకుంటారు. నన్ను కలచివేసింది ఆ ప్రేమ కాదు. అంత తెలివైన లెక్కలో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి గురించి నవల ఇంకొంచెంసేపు ఆగి ఉంటే ఇంకా పెద్ద పుస్తకం అయ్యేది.

స్వీడన్ రచయితల జంట మై షోవాల్, పెర్ వాలూ 1965 నుంచి 1975 దాకా పది నవలలు రాశారు. మొదటిది ‘రోజానా’. కాలువలో పూడిక తీస్తుంటే ఒక స్త్రీ శవం బయటపడుతుంది. ఆమె ఎవరో తెలుసుకోడానికే చాలా కాలం పడుతుంది. ఉత్తరాలు రాయడం, జవాబు కోసం ఎదురుచూడడం, మళ్ళీ మొదలుపెట్టడం, ఇదే దర్యాప్తు. డిటెక్టివ్ మార్టిన్ బెక్ మేధావి ఏమీ కాదు, కడుపునొప్పితో బాధపడే మామూలు ఉద్యోగి. ఆ నిదానం నాకు నచ్చింది. అందరికీ నచ్చకపోవచ్చు.

అద్దె పుస్తకాల కాలంలో పెరిగినవాళ్ళకి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజుని పరిచయం చెయ్యక్కర్లేదు. అంత శుభ్రమైన, అనవసరమైన మాట లేని వచనం తెలుగులో ఈనాటికీ తక్కువ. కానీ ఆ కథల్లో హంతకుడు దొరికిపోతే ప్రపంచం మళ్ళీ సర్దుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ నాకు ఆ సర్దుకోవడం మీదే నమ్మకం తగ్గింది.

ఆ నమ్మకాన్ని పూర్తిగా కదిపేసిన పుస్తకం గోపీనాథ్ మహంతి ‘పరజా’. 1945లో ఒడియాలో వచ్చింది, బిక్రమ్ దాస్ ఇంగ్లిష్ చేశారు. మహంతి ప్రభుత్వ అధికారిగా కోరాపుట్ కొండల్లో పనిచేశారు. ఆఫీసు కాగితంలో ఒక్క వాక్యంగా మిగిలిపోయే నేరాన్ని నవలంతా పరిచి చూపించారు. సుక్రు జాని అనే పరజా తెగ గిరిజన రైతు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దకూతురు జిలి మీద ఫారెస్ట్ గార్డు కన్ను పడుతుంది. అది సాగకపోయేసరికి చెట్లు నరికాడని సుక్రు జాని మీద కేసు, జరిమానా. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు. అప్పు తీరేదాకా తండ్రీ కొడుకులు అతని దగ్గర గోతి, అంటే వెట్టి. తరవాత పొలం పోతుంది, కోర్టులో కేసు పోతుంది, జిలి షావుకారు ఇంటికి చేరుతుంది. చివర్లో గొడ్డలి దెబ్బకు షావుకారు చనిపోతాడు. ముగింపు చెప్పేశానని కోపం వద్దు, ఈ పుస్తకం బలం అక్కడ లేదు. ఆ గొడ్డలి లేస్తుందని మనకు చాలా ముందే తెలిసిపోతుంది. ఎక్కడైనా ఎవరైనా ఒక్కరు ఆపుతారేమోనని పేజీలు తిప్పుతాం. గార్డు ఆపొచ్చు, ఆపడు. కోర్టు ఆపొచ్చు, ఆపదు. చంపినవాళ్ళు తమంతట తామే పోలీసుల దగ్గరికి వెళ్ళి శిక్ష వెయ్యమంటారు. దర్యాప్తు చెయ్యడానికి ఏమీ మిగలదు. దర్యాప్తు చెయ్యాల్సిన నేరాలన్నీ అంతకుముందే చట్టబద్ధంగా జరిగిపోయాయి, వాటి మీద ఎవరూ ఎఫ్ఐఆర్ రాయలేదు.

సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం వైపు వ్యాపారాలకీ ఉద్యోగాలకీ వెళ్ళిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ కొండలూ సంతలూ మనకు తెలుసు. అందుకే ఈ నవల మనకు కథగా మాత్రమే తగలదు. షావుకారు వైపు నిలబడి ఆ సంతను చూసిన పెద్దలు మన ఇళ్ళలోనూ ఉండి ఉండొచ్చు అన్న ఆలోచన వస్తుంది. రావాలి కూడా.

రెండోది ఫకీర్ మోహన్ సేనాపతి ‘ఛ మాణ ఆఠ గుంఠ’. 1897లో పత్రికలో సీరియల్‌గా మొదలై 1902లో పుస్తకమైంది. జమీందారు రామచంద్ర మంగరాజు, భగియా, సారియా అనే సాలె దంపతుల చిన్న పొలం కాజేస్తాడు. సారియా చనిపోతుంది, భగియాకు మతి చలిస్తుంది. పోలీసు దర్యాప్తు ఉంది, సాక్షుల వాంగ్మూలాలున్నాయి, కోర్టు ఉంది. ఇంకో హత్య కూడా ఉంది. క్రైమ్ నవలకి ఇంకేం కావాలి? హత్యానేరం మాత్రం మంగరాజు మీద నిలవదు. దంపతుల ఆవును లాక్కున్నందుకు జైలుకి వెళతాడు. ఆస్తి లాయరు చేతిలోకి పోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది కథ చెప్పే గొంతు. మంగరాజు ఎంత భక్తుడో, ఏకాదశి ఉపవాసం ఎంత నిష్ఠగా చేస్తాడో పొగుడుతూనే, రాత్రి గదిలో పెట్టిన పాలగిన్నె తెల్లారేసరికి ఖాళీ అయిందని చెబుతుంది. ఎక్కడా ‘వీడు దొంగ’ అనదు. సాక్ష్యం మన ముందు పెట్టి తాను మాత్రం ముద్దాయి వైపే వాదిస్తుంది. తీర్పు పాఠకుడే ఇచ్చుకోవాలి. కథకుణ్ణి ఎంతవరకు నమ్మాలి అన్న ఆట నేర సాహిత్యంలో తరవాత చాలామంది ఆడారు. సేనాపతి దాన్ని పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఒక పల్లెటూరి పొలం తగాదాలో ఆడి చూపించారు.

ఇవి సామాజిక నవలలు, వీటికి క్రైమ్ అని పేరు పెడితే స్థాయి తగ్గిపోతుందని సాహిత్యాభిమానులు అంటారు. నేను ఒప్పుకోను. స్థాయి పేరుతో వీటిని పరీక్షల సిలబస్‌కి అప్పగించేశాం. సిలబస్‌లో పడిన పుస్తకాన్ని రాత్రి రెండింటిదాకా మేలుకుని ఎవరు చదువుతారు? ‘పరజా’ అలా చదవాల్సిన పుస్తకమే. ఒడియా బడుల్లో చదివిన మన పిల్లలకి అనువాదంతో పని కూడా లేదు, లిపి వాళ్ళకి వచ్చు. తెలుగు డిటెక్టివ్ నవలల మీద పెరిగిన పెద్దవాళ్ళకి ఒడియా లిపి రాకపోయినా వినే అలవాటుంది. ఇంట్లో పిల్లలు చదువుతుంటే పెద్దలు వినొచ్చు. మొదలుపెట్టేవాళ్ళు ‘సస్పెక్ట్ ఎక్స్’ చదివి, ఆ వెంటనే ‘పరజా’ తెరవండి. హంతకుడు ఎవరన్న ఆత్రం మొదటి పుస్తకంతోనే వదిలిపోతుంది.