తల కొలత అడగని హెల్మెట్ మార్కెట్

కొత్త బండికి పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించే రోజునే చాలా ఇళ్లలోకి హెల్మెట్ కూడా వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 138వ నిబంధన ప్రకారం బండితోపాటు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాలి. చాలాచోట్ల ఇస్తున్నారు కూడా. సీటు కవర్ వేయించమంటారా, క్రాష్ గార్డ్ పెట్టించమంటారా అని పదిసార్లు అడిగే షోరూమ్‌లో తల చుట్టుకొలత ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా చాలామంది చెప్పలేరు. చొక్కా కొలత, చెప్పు కొలత తడుముకోకుండా చెప్పేవాళ్లకు కూడా తల కొలత తెలియదు.

మన దగ్గర హెల్మెట్ చర్చంతా రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతోంది. పెట్టుకున్నారా లేదా? ఐఎస్ఐ ముద్ర ఉందా లేదా? రెండూ అవసరమైనవే. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్లను తయారు చేయడం, అమ్మడం నిషేధం. అయినా ఫుట్‌పాత్‌ల మీద టోపీలాంటి హెల్మెట్లు గుట్టలుగా అమ్ముడుపోతూనే ఉన్నాయి. ముద్ర ఉన్న హెల్మెట్ మీద కూడా ఐఎస్ 4151 అనే హెల్మెట్ ప్రమాణం సంఖ్య, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. కానీ మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ వేయడం లేదు. ఆ హెల్మెట్ ఆ తలకు సరిపోయిందా?

అది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే హెల్మెట్ లోపల ఏముందో చూడాలి. పైనున్న గట్టి డొప్ప రోడ్డు రాపిడిని తట్టుకుంటుంది, దెబ్బను ఒక్కచోట దిగనీయకుండా చుట్టూ పంచుతుంది. ప్రాణం కాపాడేది మాత్రం దాని కిందున్న థర్మోకోల్ పొర. టీవీ పెట్టెల్లో వచ్చే దానికన్నా చిక్కగా ఉంటుంది, పదార్థం అదే. ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి తల నేలకు తగిలిందనుకుందాం. తగిలే క్షణానికి దాని వేగం గంటకు 20 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఆ వేగమంతా 3 మిల్లీమీటర్లలో ఆగిపోతే తల మీద పడే తాకిడి భూమ్యాకర్షణకు సగటున 500 రెట్లు. థర్మోకోల్ 25 మిల్లీమీటర్ల మేర నలుగుతూ ఆపితే అది 60 రెట్లకు తగ్గుతుంది. బండి 30 మీద వెళ్తున్నా 60 మీద వెళ్తున్నా తల నేల మీదికి పడే ఎత్తు మారదు. కూరగాయల మార్కెట్‌ దాకా వెళ్లి రావడానికి హెల్మెట్ ఎందుకు అనేవాళ్లు ఆలోచించాల్సిన లెక్క ఇది.

ఈ లెక్కంతా తల ఆ పొరను ఆనుకుని ఉన్నప్పుడే పని చేస్తుంది. వదులు హెల్మెట్ దెబ్బ తగిలే సమయానికి పక్కకు తిరిగిపోతుంది, లేదా మొదటి తాకిడికే ఊడి దొర్లిపోతుంది. ఆ తర్వాతి దెబ్బ నేరుగా తలకే.

కొలవడం కష్టమేమీ కాదు. దర్జీ టేపును కనుబొమలకు అంగుళం పైన పెట్టి, చెవుల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టాలి. మన దగ్గర దొరికే చాలా హెల్మెట్ల మీద 580, 600 అని స్టిక్కర్ ఉంటుంది. అవి మిల్లీమీటర్లు. చుట్టుకొలత 58 సెంటీమీటర్లు వస్తే 580 తీసుకోవాలన్నమాట. అయితే అక్కడితో అయిపోదు. పైనుంచి చూస్తే కొందరి తల గుండ్రంగా ఉంటుంది, కొందరిది ముందుకూ వెనక్కూ పొడవుగా ఉంటుంది. పొడవు తలకు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదురు నొక్కుకుపోతుంది, పక్కల ఖాళీ మిగులుతుంది. కొలత సరిగ్గానే ఉన్నా ఆ మోడల్ ఆ తలకు పనికిరాదు.

అందుకే పెట్టుకుని అద్దంలో చూసుకోగానే డబ్బు కట్టేయకూడదు. పది నిమిషాలు తీయకుండా దుకాణంలోనే ఉండండి. తీశాక నుదుటి మీద ఒకేచోట ఎర్రగా కందినా, అక్కడ నొప్పి పుట్టినా వేరే మోడల్ చూడండి. థర్మోకోల్ వాడకంతో సర్దుకోదు. చెంపల సంగతి వేరు. కొత్త హెల్మెట్ చెంపలను గట్టిగానే నొక్కాలి, ఏదైనా నమిలితే బుగ్గ లోపలివైపు పళ్లకు తగలాలి. అక్కడుండేది స్పాంజి, కొన్ని వారాలకు అణుగుతుంది. తర్వాత రెండు చేతులతో హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం దానితోపాటే కదలాలి. చివరగా పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని పైకీ ముందుకూ లాగమని పక్కవాళ్లను అడగండి. ఊడి వస్తే ఎంత ఖరీదైనదైనా వద్దు. "ఒక సైజు పెద్దది తీసుకోండి సార్, ఫ్రీగా ఉంటుంది" అనే సలహా మన దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. అంతకన్నా హాని చేసే సలహా మరొకటి లేదు.

ఆడవాళ్ల ఇబ్బందిని హెల్మెట్లు చేసేవాళ్లూ అమ్మేవాళ్లూ పెద్దగా పట్టించుకోలేదు. కొప్పు మీదనో, పెద్ద క్లిప్పు మీదనో హెల్మెట్ పెట్టుకుంటే అది తలకు పూర్తిగా దిగదు, మాడు దగ్గర ఖాళీ ఉండిపోతుంది. పైగా ఆ క్లిప్పు దెబ్బ తగిలినప్పుడు గుచ్చుకునే వస్తువు. జుట్టును మెడ దగ్గర వదులుగా జడ వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని చూసి కొనాలి. ఎండకు చుట్టుకునే మందపాటి చున్నీ, తువాలు కూడా కొలతను మార్చేస్తాయి. చెమట పీల్చడానికి పల్చటి నూలు టోపీ చాలు. లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునే రకం కొంటే నూనె జిడ్డు, చుండ్రు బెంగ కూడా తగ్గుతుంది.

ముఖమంతా కప్పే హెల్మెట్టే కొనాలన్నది నా గట్టి అభిప్రాయం. జర్మనీలోని హానోవర్‌లో డీట్‌మార్ ఓట్టే అనే పరిశోధకుడు ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్లను పరిశీలిస్తే, మూడోవంతుకు పైగా దెబ్బలు గడ్డం, దవడ భాగంలోనే కనిపించాయి. గడ్డాన్ని కప్పని హాఫ్ హెల్మెట్ అక్కడ ఏ రక్షణా ఇవ్వదు.

ఇక పట్టీ. 2022లో దేశంలో హెల్మెట్ లేక 50,029 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. హెల్మెట్ ఉండీ పట్టీ బిగించక అది ఊడిపోయినవాళ్లు ఈ అంకెలో విడిగా కనిపించరు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మాత్రం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉన్నదే దాని దృష్టిలో హెల్మెట్. 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. కానీ చౌరస్తాలో వెనక నుంచి తీసే ఫొటోలో నెత్తి మీద ఏదో ఉందన్నది తప్ప పట్టీ కనబడదు. అమలు కెమెరాకే పరిమితమైతే జనం కెమెరాకు సరిపోయేదే కొంటారు, గడ్డం కింద పట్టీని వేలాడేసుకునే తిరుగుతారు. తనిఖీల్లో బండి ఆపినప్పుడు పోలీసులు కాగితాలతోపాటు పట్టీ కూడా చూడాలి. దానికీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకన్నా ఎక్కువ సందు ఉండకూడదు.

రవాణా శాఖలు షోరూమ్‌ల విషయంలోనూ కలగజేసుకోవాలి. నాలుగైదు సైజులు అందుబాటులో ఉంచి, తల కొలిచి, ఆ కొలతను ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసే డెలివరీ కాగితంలోనే నమోదు చేయమనాలి. ఉచితంగా ఇచ్చే హెల్మెట్ పడని తలలకు అప్పుడే మార్పిడి దొరుకుతుంది. వెనక కూర్చునేవాళ్ల హెల్మెట్ కూడా అక్కడే వాళ్ల కొలతకు కొనేలా చూడాలి.

మరో అలవాటు గురించి చెప్పాలి. అన్న కొత్తది కొనుక్కుని పాతది తమ్ముడికి ఇవ్వడం, నాన్నది పిల్లాడి నెత్తిన పెట్టడం మన ఇళ్లలో మామూలే. కొలత సంగతి అటుంచితే, ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు, పైన డొప్ప మీద గీత కూడా లేకపోవచ్చు. ప్రమాదంలో దెబ్బ తిన్న హెల్మెట్‌ను ఎవరికీ ఇవ్వకండి. పాత సామాన్లవాడికి వేసేముందు దాని పట్టీ కత్తిరించేయండి, ఇంకెవరూ పెట్టుకోవడానికి వీల్లేకుండా.