మొదటి సంపుటం వారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం

మహారాజశ్రీ మొదటి సంపుటం వారి దివ్యసముఖానికి,

మే నెలంతా తమరి కుటుంబంతోనే గడిపిన పాఠకుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఎండలు తగ్గేదాకా గడప దాటకుండా మాంత్రికుల కథలూ నక్షత్రాల కథలూ చదవాలని కూర్చున్నాను. చదివాను. నెల తిరిగాక చూసుకుంటే ఒక రాజకుమారుడు చెరసాలలో ఉన్నాడు. ఒక అంతరిక్ష నౌక ఇంధనం అయిపోయి శనిగ్రహం అవతల ఆగిపోయింది. ఒక మంత్రగత్తె శాపం సగం పలికి నోరు తెరుచుకుని నిలబడింది. ముగ్గురినీ అదే స్థితిలో వదిలేసి తమరు అట్ట మూసుకున్నారు. ఆఖరి పేజీ కింద మాత్రం చీమ తలకాయంత అక్షరాలతో ‘ఈ గాథలో ఇది తొలి భాగం’ అని విన్నవించుకున్నారు. ఆ మాట ముఖచిత్రం మీద వేయడానికి చోటు చాలలేదు కాబోలు, అక్కడ కత్తి బొమ్మ ఉంది.

కల్పన అంటే నాకు గిట్టదని అనుకోకండి. మా బీచ్ రోడ్డుకు ఒక పక్క నీళ్ళలో ఉండవలసిన కురుసుర జలాంతర్గామి ఇసుకలో కూర్చుని ఉంటుంది. రెండో పక్క, జలాంతర్గాములను వేటాడటానికే పుట్టిన టీయూ-142 విమానం నేల మీద నిలబడి దానినే చూస్తూ ఉంటుంది. ఆ బద్ధశత్రువుల మధ్య మేము మురీ మిక్చర్ తింటూ తిరుగుతాం. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒకటి వాయుగుండానికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళెక్కితే పిల్లాపాపలతో వెళ్ళి చూసి వచ్చాం. కాబట్టి తమరు డ్రాగన్ అంటే సరే అన్నాను, ఇద్దరు చంద్రులంటే సరే అన్నాను, కత్తి మాట్లాడుతుందంటే వినయంగా విన్నాను. నమ్మశక్యం కానిది ఒక్కటే మిగిలింది. నాలుగు వందల పేజీలు నడిచినా ఆ కుర్రవాడు కొండ దగ్గరికి చేరలేదు.

కుర్రవాడంటే తమరికి తెలిసిన కుర్రవాడే. అనాథ. తల్లీ తండ్రీ బతికి ఉన్నవాడికి తమరి వంశంలో కథానాయకుడి ఉద్యోగం ఇవ్వరు కదా. భుజం మీద పుట్టుమచ్చ. ఒక వాననాటి రాత్రి గడ్డం ముసలాయన వచ్చి ‘నువ్వే’ అంటాడు. ఏమిటి నేనే అని వాడు అడిగితే ‘సమయం వచ్చినప్పుడు చెబుతాను’ అంటాడు. ఆ సమయం రెండో సంపుటంలో వస్తుందని ఆయనకు తెలుసు, తమరికి తెలుసు, డబ్బు పెట్టి కొన్న నాకే తెలియదు. అక్కడి నుంచి ప్రయాణం. మొదటి పేజీలో పటం ఉందిగా, ఆ పటంలో గీసిన ప్రతి ఊరికీ వాడు వెళ్ళి తీరాలి. ఈశాన్య మూలలో చిన్న ఎడారి కనిపిస్తే చాలు, నాకు నీరసం వచ్చేది. అడవి దాటితే సత్రం, సత్రంలో రొట్టె, మాంసం పులుసు. మళ్ళీ అడవి. మళ్ళీ సత్రం.

మా ఇంట్లో మేనత్త ఉంటుంది. చూపు మందగించింది కనుక రోజూ సాయంత్రం కథ ఎంతవరకు వచ్చిందో నేనే చెప్పాలి.

‘‘మీవాడు కొండ ఎక్కాడా నాయనా?’’

‘‘లేదు అత్తయ్యా, సత్రంలో భోజనం చేస్తున్నాడు.’’

‘‘నిన్న తిన్నాడుగా?’’

‘‘అది వేరే సత్రం.’’

‘‘ఆషాఢంలో సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా రాత్రికి రాత్రి నడిచివచ్చినవాళ్ళం. వీడికి గుర్రం కూడా ఉందంటివి!’’

తమరి తరఫున నేను ఏమీ చెప్పలేకపోయాను.

ఆవిడ కాశీమజిలీ కథల మీద పెరిగిన మనిషి. మధిర సుబ్బన్న దీక్షితులు గారు వాటిని 12 భాగాలుగా రాశారు కనుక, లావులో వారు తమరికి తీసిపోయేదేమీ లేదు. తేడా ఒప్పందంలో ఉంది. కాశీకి తోడు రమ్మని మణిసిద్ధుడు పిలిస్తే, పశువులు కాసుకునే గోపకుర్రవాడు ఊరికే బయల్దేరలేదు. దారిలో తాను చూసిన వింతకు కథ అడిగితే చెప్పాలి, చెప్పకపోతే అక్కడి నుంచే ఇంటికి పోతానన్నాడు. అంతటి పండితుడూ ఒప్పుకున్నాడు. పగ్గం వినేవాడి చేతిలో ఉన్న రోజులు. అదే తమరి పద్ధతి అయితే, మణిసిద్ధుడు రెండో మజిలీలో కథ మధ్యలో ఆపి, మిగతాది వచ్చే ఏడాది, వెల వేరు అని ఉండేవాడు.

మరి చందమామ కూడా నెలనెలా ఉత్కంఠ దగ్గరే ఆపేది కదా అంటారా? ఆపేది. పేరైనా వేసుకోకుండా దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ధారావాహికల్లో వీరుణ్ణి రాక్షసుడి పిడికిట్లో పెట్టి, పక్కన చిత్రా గారి బొమ్మ వేసి, మమ్మల్ని నెల రోజులు అన్నం సహించకుండా చేసేవారు. అయితే మరుసటి నెల పిడికిలి తెరుచుకునేది. చివరికి ధారావాహిక ముగిసేది కూడా. ముగిసిన మరుసటి నెల కొత్తది మొదలయ్యేది, కొత్త మనుషులతో.

ఇంతకీ తమరి పుట్టుక సంగతి తవ్వితే మరీ విచిత్రం. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ తన ఉంగరాల కథను (‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’) ఒకే నవలగా రాసుకున్నాడు. యుద్ధం తరువాతి బ్రిటన్‌లో కాగితం ప్రియం, అంత లావు పుస్తకం చెల్లుతుందో లేదోనని ప్రచురణకర్తకు గుబులు. 1954, 1955లలో మూడు ముక్కలు చేసి అమ్మారు. కాగితం ఇబ్బంది ఆ తరంతోనే తీరింది, మూడు ముక్కలు మాత్రం శాస్త్రమై కూర్చుంది. తరువాతివాళ్ళు కథ తట్టకముందే దాన్ని మూడుగా కోసి పెట్టుకున్నారు. ఆపైన మూడు కూడా చాలలేదు. రాబర్ట్ జోర్డన్ 1990లో మొదలుపెట్టిన ‘వీల్ ఆఫ్ టైమ్’ గాథ ఆయన 2007లో పోయేనాటికి తెమలలేదు. ఆయన వదిలిన రాతప్రతులూ గుర్తులూ పట్టుకుని బ్రాండన్ శాండర్సన్ 2013లో పూర్తిచేస్తే 14 సంపుటాలయింది. పాఠకుడి ఆయుష్షు మాట అలా ఉంచండి, రచయిత ఆయుష్షే సరిపోలేదు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ గాథ రాస్తున్న జార్జ్ మార్టిన్ మూడింటితో సరిపెడదామని 1996లో మొదటిది వేశాడు, 2011లో అయిదోది వేశాడు, ఆరోదాని కోసం జనం కాచుకుని ఉన్నారు. కాచుకోవడం మా ఊరికి కొత్త కాదు లెండి. 2019లో ప్రకటించిన రైల్వే జోను ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగితే, ఆరేళ్ళలోనే రెండో అధ్యాయం వచ్చిందని సంతోషించినవాళ్ళం.

విజ్ఞానకల్పనలో తమరి బాధ ఉండదనుకున్నాను. యంత్రాలు తెలిసినవాళ్ళు, ఆపడం కూడా తెలిసి ఉంటుందని. అసిమోవ్ తన ‘ఫౌండేషన్’ అనే సామ్రాజ్యపతనం కథను 1950లలో మూడు పుస్తకాలతో ఆపుకుని తన మానాన తాను ఉంటే, బతిమాలి బతిమాలి 1982లో నాలుగోది రాయించారు. ఆర్థర్ క్లార్క్ సంగతి ఇంకా అన్యాయం. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అయిపోయి ఖగోళ శాస్త్రజ్ఞులు మన రాముడి పేరు పెట్టిన గ్రహాంతర నౌక కథను 1973లో చక్కగా ముగించాడు. ఆ నౌక కట్టినవాళ్ళు ఏ పనైనా మూడేసి సార్లు చేస్తారని చివర ఒక్క వాక్యం ఊరికే తగిలించాడు. కొనసాగింపు రాసే ఉద్దేశమే తనకు లేదని తరువాత చెప్పుకున్నాడు కూడా. ఎవరు వింటారు? 1989 నుంచి మరొకరితో కలిసి ఇంకో మూడు నవలలు వచ్చిపడ్డాయి. రాముడి పేరు పెట్టుకున్నాక ఉత్తరకాండ తప్పుతుందా!

నెల మొత్తంలో ఒక్క రాత్రి మాత్రం సుఖంగా నిద్రపోయాను. ఆనాడు చదివింది హెచ్.జి. వెల్స్ 1895లో వేసిన కాలయంత్రం కథ. బక్కపలచని పుస్తకం. అందులోని పెద్దమనిషి క్రీస్తుశకం 8,02,701వ సంవత్సరానికి వెళ్ళి, అక్కడ రెండుగా చీలిన మనిషి జాతిని చూసి, ఇంకా ముందుకు మూడు కోట్ల ఏళ్ళు పోయి ఎర్రబడిన సూర్యుణ్ణి చూసి, తిరిగి ఇంటికి వచ్చి, ఆకలిగా ఉందని భోజనానికి కూర్చుంటాడు. ఆ పాటి పేజీల్లో తమరి కుర్రవాడు గుర్రానికి పేరు పెట్టడం కూడా పూర్తిచేయడు. తమరు ఒకసారి ఆ పుస్తకం పక్కన అలమరలో నిలబడి చూడండి. ఉప్పుగాలికి ఇప్పటికే తమరి అట్ట వంకర తిరిగింది కాబట్టి వంగి నమస్కారం పెట్టడం కష్టం కాదు.

నేను వేడుకునేది పెద్దగా లేదు. సిగరెట్ పెట్టె మీద కూడా హెచ్చరిక వేస్తున్న దేశంలో, కత్తి బొమ్మ కాస్త జరిపి ‘ఇందులో కథ పూర్తికాదు’ అని వేయించండి. చివరి సంపుటం అచ్చయ్యేవరకు మొదటిదాన్ని బజారుకు పంపకుండా ఉండటం మరీ మంచిది, కానీ అంత త్యాగం తమరి నుంచి ఆశించను.

మరొక్క సమాచారం. నిన్న మా అత్తయ్య విసిగిపోయి, పక్కింటి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి తమరి కుర్రవాడి కథ తానే తేల్చేసింది. గడ్డం ముసలాయనే వాడి తాత. పుట్టుమచ్చ మీద పసరు రాస్తే కొండ తలుపు తెరుచుకుంది. లోపల తల్లిదండ్రులు రాతిబొమ్మలై ఉన్నారు, వీడు ముట్టుకోగానే లేచి కూర్చున్నారు. సత్రం నడిపేవాడి కూతురితో పెళ్ళి, అన్ని సత్రాల పులుసూ పెళ్ళివిందులోకి చెల్లు. అరగంట పట్టింది. పిల్లలకు అనుమానాలేవీ మిగల్లేదు. తమరి మూడో సంపుటం ఎప్పుడైనా వస్తే దీనితో సరిచూసుకుని, తేడాలుంటే తమరే దిద్దుకోవాలని అత్తయ్య ప్రత్యేకంగా రాయమంది.

ఇట్లు,
తమరి పటంలో వాయవ్య మూల దగ్గర ఆగిపోయిన
ఒక పాఠకుడు