రాయి కదిపినవాడు ద్రోహి

అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరం తనకు దక్షిణాన ఉన్న సౌత్ మౌంటెన్ కొండలను, దాదాపు 13 వేల ఎకరాల మేర, 1924లో కేంద్ర ప్రభుత్వం నుంచి 17 వేల డాలర్లకు కొనుక్కుంది. ఈనాడు అంతే సొమ్ము పట్టుకుని దుకాణానికి వెళితే, ఆ కొండలు దిగడానికి తగిన మేలురకం మౌంటెన్ బైకులు రెండు కూడా రావు. కొండ కంటే కొండ దిగే సైకిలు ఖరీదు కావడాన్ని నేను నాగరికత పురోగతిగానే పరిగణిస్తున్నాను.

పక్కనున్న చాండ్లర్‌లో స్థిరపడిన మన తెలుగు ఇంజనీర్లలోనూ కొందరికి కొండల్లో సైకిలు తొక్కే ఈ వ్రతం అబ్బింది. పీమా కాన్యన్ దగ్గర కారు ఆపి, డెజర్ట్ క్లాసిక్ దారిన పడమరకు తొక్కి, టెలిగ్రాఫ్ పాస్ దగ్గర తొక్కడం సాధ్యం కాని చోట సైకిలును భుజానికెత్తుకుని శిఖరరేఖ చేరి, అక్కడి నుంచి నేషనల్ ట్రెయిల్ అనే కొండబాట మీదుగా బండరాళ్ల మెట్లు దూకుతూ దిగి, మళ్లీ అదే కారు దగ్గరికి రావడం ఈ వ్రత విధానం. బయలుదేరిన చోటికే తిరిగి రావడానికి ఇంత శ్రమ దేనికని అడగడం అవివేకం. సింహాచలం గిరిప్రదక్షిణ చేసివచ్చిన భక్తుణ్ణి ఎక్కడిదాకా వెళ్లావని ఎవరూ నిలదీయరు కదా.

సైకిలు విషయానికి వద్దాం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు 160 మిల్లీమీటర్లు కుంగుతుంది. వెనక చక్రానికి మరో షాక్ అబ్జార్బరు ఉంటుంది. హ్యాండిల్ మీద మీట నొక్కి ఒంటి బరువు మోపితే సీటు కిందికి జారి, సవారు నడుమును వెనక్కి వాల్చడానికి వీలిస్తుంది. టైరులో ట్యూబుకు బదులు పోసిన ద్రవం ముల్లు దిగిన రంధ్రాన్ని తనే పూడ్చుకుంటుంది. కొడుకును చూడడానికి గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఈ వైభవమంతా సావధానంగా విని, ధర కూడా తెలుసుకుని, "ఇంతకీ దీనికి ఇంజను ఎక్కడుంది నాయనా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు ఇంతవరకు సమాధానం రాలేదు.

ఈ సరంజామా అంతటి పరమార్థం ఒక్కటే: కింద ఉన్నది రాయి అని ఒంటికి తెలియనివ్వకపోవడం. అయితే ఆ రాయి తెలియకుండా పోయిన మరుక్షణమే సవారుకు దారి చప్పబడుతుంది, ఇంకా పెద్ద రాయి కోసం వెతుకులాట మొదలవుతుంది, ఆ పెద్ద రాయిని మరిపించడానికి ఇంకా ఎక్కువ కుంగే ఫోర్కు అవసరమవుతుంది. 1976లో కాలిఫోర్నియాలోని ఫేర్‌ఫాక్స్ దగ్గర పాత సైకిళ్లతో కొండ దిగే పందేలు మొదలుపెట్టినవారికి ఈ బాధ లేదు. వెనక్కి తొక్కితే పడే వారి బ్రేకులో, కొండ దిగేలోపు గ్రీజు కాలి పొగలు కక్కేది. మళ్లీ గ్రీజు దట్టిస్తే తప్ప ఇంకోసారి దిగడం కుదిరేది కాదు. అందుకే ఆ దారికి రీప్యాక్, అంటే మళ్లీ దట్టించడం, అని పేరు. పాపం, వారికి ప్రతి గులకరాయీ తెలిసేది.

ఇప్పుడు అసలు ధర్మసూక్ష్మం. రాయి దెబ్బ తగలకుండా వేల డాలర్లు పోసినవాడు, ఎవరైనా అదే రాయిని దారిలోంచి పక్కకు దొర్లిస్తే మాత్రం సహించడు. దారిని పాడుచేశారని, పిరికివాళ్ల కోసం చదును చేశారని ఆక్రోశిస్తాడు. నేషనల్ ట్రెయిల్‌లో వాటర్‌ఫాల్ అనే ప్రసిద్ధమైన దిగుడు ఉంది. అందులో నీళ్లు పడవు కాబట్టి ఆ లోటును సవారులే తీరుస్తుంటారు. అక్కడ ఒక్క బండను కదిపి చూడండి, పుట్టుకతో వచ్చిన హక్కేదో పోయినట్టు విలపిస్తారు.

చోయా జెముడును కూడా నరకనివ్వరు. దాని ముళ్ల బంతి మోచేతికి పట్టుకుంటే చేత్తో లాగకూడదు, లాగితే వేళ్లకు పట్టుకుంటుంది. దువ్వెన పళ్లను చర్మానికీ బంతికీ మధ్య దూర్చి, ఒక్క విసురున ఎగరగొట్టాలి. పూర్తి బట్టతల పెద్దమనుషులు సైతం సంచిలో దువ్వెన వేసుకుని తిరగడంలోని రహస్యం ఇదే.

ఇక దిగే ధైర్యం లేనివారు బండ పక్కనుంచి చుట్టుదారి తొక్కుతారు. దానితో ఎడారి నేల చెదిరి, దారి ఏటేటా వెడల్పవుతుంది. దీన్ని అరికట్టడానికి రాళ్ల పరిరక్షకులు అనుసరించే పద్ధతి ప్రశంసనీయం: వారు చుట్టుపక్కల రాళ్లను తమ చేతులతోనే దొర్లించుకొచ్చి ఆ చుట్టుదారికి అడ్డంగా పేరుస్తారు. దారికి అడ్డంగా దొర్లించిన రాయి కదిపినట్టు లెక్కలోకి రాదని వారి శాస్త్రం.